గ్రైండరు అంచున చుక్కల పేరు

గురువక్క పోయిందన్న మాట నాకు మొదట తెచ్చింది పూలమ్మే రాజామణి. శుక్రవారం పొద్దున దీపం వెలిగించి కుందె అంచున కారిన నూనె తుడుస్తున్నాను. వాకిట్లో గంప దించి మూర కొలవబోయినది, మధ్యలో చేయి ఆపింది. "అక్కా, పిండి గురువక్క పోయినాదంట. మొన్న సాయంత్రం. వాళ్ళ కూతురు నిన్ను అడిగినాది," అంది. "నన్నా? నన్నెందుకు?" అన్నాను. "నాకేం తెలుసు? అలమేలక్క ఇంకా కోవిల్‌పట్టిలోనే ఉండాదా అని అడిగినాది. ఉండాదని చెప్పినాను. నీకు ఇయ్యాల్సింది ఏందో ఉండాదంట, వచ్చి తీసుకోమన్నాది." ఆ రోజు పూలు తీసుకున్నానో లేదో గుర్తు లేదు. సాయంత్రం చూస్తే పటానికి నిన్నటి మాలే ఉంది.

అప్పటినుంచీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పొయ్యి మీద పప్పు పెట్టి వాకిట్లోకి వస్తాను, వాకిట్లో నిలబడి పప్పు సంగతి తలుచుకుంటాను. జపానికి కూర్చుంటే నోరు నామం చెబుతుంది, చేయి ఎదురుగా ఉన్న రాగిచెంబు అంచును తడుముతుంది. ఏం తడుముతోందో నాకు తెలుసు. ఆ ఇల్లు మా వీధికి నాలుగు వీధుల అవతలే. నాలుగు వీధులు దాటడానికి నాకు ఇన్నేళ్ళు చాలలేదు. ఇప్పుడు ఆమె లేదని తెలిసి కూడా చెప్పులు వేసుకోవడం, విప్పడం, మళ్ళీ వేసుకోవడం. ఇట్లా మూడు రోజులు గడిచాయి. అందుకే ఇది రాస్తున్నాను. కూర్చోబెట్టే పని ఇదొక్కటే దొరికింది.

నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఎడమకాలిని సగం తీసుకుపోయింది. నాన్న పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా. సాయంత్రం పని నుంచి వచ్చి, జుట్టులో తెల్లటి పత్తి నూగుతోనే కూర్చుని అరవం, లెక్కలు, కాస్త ఇంగ్లీషు నేర్పించాడు. తెలుగు నేర్పింది అవ్వ. చేటలో సజ్జపిండి పరిచి వేలితో దిద్దించేది. మా ఇళ్ళలో తెలుగు నోట్లో ఉంటుంది గానీ చేతికి రాదు. వీధి దాటితే అరవమే. అవ్వ దగ్గర ఒక పాత భజన పుస్తకం ఉండేది. అది చదవగలిగిన మనిషి తన తరవాత ఇంట్లో ఒకరైనా ఉండాలని ఆమె పట్టుదల. తప్పు రాస్తే చేట ఒకసారి కదిపేది. అక్షరం పోయేది. "పోతే పోనీ, మళ్ళా రాసుకోవచ్చు," అనేది. ఆ ఇద్దరి రుణం ఏ పూజతోనూ తీరదు. కానీ అవ్వ చెప్పినమాట పిండికే చెల్లుతుందని తరవాత తెలిసింది.

మిల్లు మూతపడ్డాక మా ఇంటిని నిలబెట్టింది నా దస్తూరీ. విరుదునగర్‌లో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే సర్వీసు సెంటరొకటి ఉండేది. అక్కడ కంప్లైంటు కౌంటరులో కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడాలి, రిజిస్టరు రాయాలి, వస్తువుకు చీటీ కట్టాలి. రెండు భాషలూ వచ్చని, రాత ముత్యాల్లా ఉందని నన్ను తీసుకున్నారు. పొద్దున్నే బస్సు. కోవిల్‌పట్టి దాటేవరకు బెల్లంపాకంలో వేగిన వేరుశనగ వాసన, ఆ తరవాత అగ్గిపెట్టెల యూనిట్ల మందు ఘాటు, అక్కడినుంచి నల్లరేగడి మీది వేడిగాలి. విరుదునగర్‌లో దిగేసరికి మిరపకాయల మండీలు తుమ్ములతో స్వాగతం చెప్పేవి.

ఆ కౌంటరు నాకు బడి అయింది. ఎటువంటి మనుషులు వచ్చేవారో! మా ఊరి కడలైమిఠాయి, అదే పల్లీపట్టి, చేసే ఆయన ఒకడు మిక్సీ తెచ్చి, "పచ్చడి తప్ప ఏమీ వెయ్యలేదు, మురుగన్ మీద ఒట్టు," అన్నాడు. మెకానిక్ పెరుమాళన్న దాన్ని విప్పి, గాజులా గట్టిపడిన బెల్లంముక్క, అందులో ఇరుక్కున్న సగం పల్లీబద్దతో సహా తీసి కౌంటరు మీద పెట్టాడు. ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, నోట్లో వేసుకుని, "పాకం బాగానే ఉండాదే," అన్నాడు. మరియమ్మ టీచరని ఒకామె ఉండేది. మోటారు మీద చేయి పెట్టి ప్రార్థన చేయనిదే స్విచ్చి వేయనిచ్చేది కాదు. పెరుమాళన్న స్క్రూడ్రైవరుతోనే చేతులు జోడించేవాడు. నేను మనసులో గోవిందా అనుకునేదాన్ని. మోటారు తిరిగేది. ఎవరి మొర విన్నదో దానికే తెలియాలి.

నాగలాపురం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, మావాళ్ళే, మెట్టసేద్యం మనిషి. తలపాగా గుడ్డలో మిక్సీని చంటిపిల్లలా చుట్టుకుని వచ్చాడు. రాహుకాలం పోయేవరకు చేతికివ్వనని ఒళ్ళో పెట్టుకుని గంటన్నర కూర్చున్నాడు. ఆ తరవాత విప్పి, "దీనికేం రోగం లేదు పాపా. దీని అరుపు తగ్గించు. కోడలు దీన్ని ఏసిందంటే బర్రె పాలు ఎగబట్టుకుంటాంది," అన్నాడు. "తాతా, అరవకుండా తిరిగే మిక్సీ లేదు," అన్నాను. "అట్లయితే బర్రెను తోలుకొస్తా, దానికి నువ్వే చెప్పు," అన్నాడు. ఈ పెద్దాయనను గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తాడు.

గురువక్కను నేను మొదట చూసింది కౌంటరులో కాదు, బస్సులో. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల యూనిట్లకు తెల్లవారకముందే పనికి పోయే ఆడవాళ్ళకు ఇడ్లీపిండి రుబ్బి అమ్మేది. అందరూ పిండి గురువక్క అనేవారు. భర్త పోయి, చంటిపిల్లతో మరిది ఇంట్లోనే ఒక పక్క ఉండేది. అన్నేసి పిండ్లు రుబ్బే గ్రైండరు కదా, మూడు నాలుగు నెలలకొకసారి బెల్టో రాయో చెడేది. మోటారును సీటు కిందికి తోసి, స్టీలు డ్రమ్మును ఒళ్ళో పెట్టుకుని వచ్చేది. ఆరోజు సీటు దొరక్క ఒంటికాలి మీద ఊగుతున్నాను. డ్రమ్మును బోర్లించి నడవలో పెట్టి, "కూచో పాపా," అంది. "అయ్యో, అన్నం పెట్టే వస్తువు, దాని మీద కూర్చుంటానా!" అన్నాను. "ఆ లచ్చిమే కూచోమంటాంది. కాలు నొచ్చే పిల్లను నిలబెట్టి చూసే లచ్చిమి ఏం లచ్చిమి? కూచో!" సాత్తూరులో సీటు ఖాళీ అయ్యేవరకు ఆ డ్రమ్ము మీదే కూర్చుని పోయాను. ఆ తరవాత ఎప్పుడు బస్సులో కనబడినా అదే నా సీటు. వేలికి తగిలేది, అంచు చుట్టూ చుక్కచుక్కగా కొట్టిన అరవ అక్షరాలు: "గురువమ్మకు అన్న సీరు." సీరంటే పుట్టింటి సారె.

ఆ అక్షరాల సంగతి చెప్పాలి. మా వైపు గిన్నె కొంటే అంగట్లోనే పేరు కొట్టిస్తాం. ఎవరికి, ఎవరిచ్చారు అని. చూసేవాళ్ళకు అది ముచ్చట. కానీ ఇల్లు రెండైన రోజున అదే సాక్ష్యం. పెద్దలు కూర్చుని ఒక్కొక్క గిన్నె అంచూ వేలితో తడిమి చూస్తారు. పేరున్నది ఆ పేరుగలవాళ్ళది. పేరు లేనిది ఇంటిది. దానికి మించిన కాగితం మా ఊళ్ళలో ఎవరి దగ్గరా లేదు.

ఆయుధపూజకు నాలుగు రోజుల ముందు గురువక్క గ్రైండరు బాగుచేయడానికి ఇచ్చి వెళ్ళింది. రిజిస్టరులో గుర్తుల గడిలో రాశాను: డ్రమ్ము అంచున పేరు, గురువమ్మకు అన్న సీరు, కింద ఒక సొట్ట. పండగకు సెంటరంతా కడిగి, పనిముట్లకు పసుపు కుంకుమ పెడుతున్నాం. గురువక్క డ్రమ్ము పులిసిన పిండి మరకలతో నల్లగా ఉంది. ఇన్నిసార్లు నన్ను కూర్చోబెట్టుకున్నదానికి ఏమిచ్చానని అనిపించింది. మేనేజరు లేని సమయం చూసి, "అన్నా, దీన్ని అద్దంలా మెరిపించి ఇయ్యి," అన్నాను. బ్లేళ్ళు పదును పెట్టే చక్రానికి గుడ్డబిళ్ళ బిగించి పెరుమాళన్న మెరుగుపెట్టాడు. తెలిసినవాళ్ళకు ఇట్లాంటి ఉచిత పనులు చేయించిందనే నాకు ముందున్న అమ్మాయిని తీసేశారు. అది తెలిసే చేయించాను. నాలో నేను మురిసిపోయాను కూడా.

గురువక్క వచ్చింది. డ్రమ్ము చూసి, "ఓయమ్మా, నా మొగం కనబడతాందే!" అని నవ్వింది. నవ్వుతూనే అంచును తడిమింది. ఒక చుట్టు, రెండో చుట్టు. నవ్వు ఆగింది. "పేరు యాడ పాపా?"

నేను కూడా తడిమాను. నున్నగా ఉంది. ఏళ్ళ తరబడి బూడిదతో తోమి తోమి అరిగిన చుక్కలు, చక్రం కింద అసలే లేకుండా పోయాయి. గురువక్క బల్ల మీద కూర్చుంది. అరవలేదు. "వచ్చే శుక్రవారం ఊరు పెద్దలు వస్తాండారు. మరిది నన్ను వేరే పొమ్మంటాండాడు. గిన్నెలు పంచుతారు," అంది మెల్లిగా. ఆ గ్రైండరు లేకపోతే ఆమెకు రేపటి పొయ్యి లేదని నాకు తెలుసు. "అక్కా, బజారుకు పోదాం, ఇప్పుడే మళ్ళీ కొట్టిద్దాం," అన్నాను. తల అడ్డంగా ఊపింది. "కొత్త చుక్కలు కొత్తగానే ఉంటాయి పాపా. నిన్న కొట్టించుకొచ్చి నాదంటాందని అంటాడు. నిజం చెప్పేదానికి దొంగపని చేస్తే, నిజం కూడా దొంగదైపోతాది."

మిగిలింది నా రిజిస్టరు ఒక్కటే. అది బయటికి పోకూడదు. ఆ వారమంతా నేను నిద్రపోయిన గుర్తు లేదు, తిన్న గుర్తు లేదు. నా జీతం పోతే మా ఇంట్లో ముగ్గురం పస్తులే. శుక్రవారం సగంరోజు సెలవు పెట్టి, రిజిస్టరును టిఫిను సంచిలో అడుగున దాచుకుని వెళ్ళాను.

గురువక్క మరిది ఇంటి ముంగిట్లో, పంపకానికి వచ్చిన పెద్దల నడుమ, చాప మీద నాగలాపురం పెద్దాయన! "ఓ మిక్సీ పాపా, నువ్వెందుకొచ్చినావు?" అన్నాడు. రిజిస్టరు తీసి ఆ వరుస చదివాను. గురువమ్మకు అన్న సీరు. పెద్దాయన తల ఊపాడు. అప్పుడు మరిది లేచాడు. మా సెంటరుకు అట్టపెట్టెలు సరఫరా చేసేది అతనే, మేనేజరుతో కూర్చుని టీ తాగే మనిషి. "అట్లయితే ఆ పేరు యాడికి పోయినాది? సెంటరులో పోయినాదా? పేర్లు తుడిచే పని కూడా చేస్తాండారా మీరు? ఎవరు చెయ్యమన్నారు? చెప్పు. చెప్పకపోతే రేపు మీ మేనేజరునే అడుగుతా, ఈ పుస్తకం ఈడికెట్ల వచ్చినాదని కూడా అడుగుతా."

అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. రాలేదనడం కూడా సగం నిజమే. రానివ్వలేదు.

గురువక్క నా మొహం చూసింది. బస్సులో ఒంటికాలి మీద ఊగే పిల్లను చూసినట్టే చూసింది. "దాన్ని ఎందుకు బెదిరిస్తావు?" అంది మరిదితో. "నేనే తుడిపించినాను. పండక్కి మెరవాలని పెరుమాళును నేనే అడిగినాను. ఆ పిల్లకు తెలియదు."

పెద్దాయన గడ్డం రుద్దుకున్నాడు. "ఏందమ్మా ఇది? నీ పేరు నువ్వే తుడిపించుకుంటే మేమేం చేసేది? కట్టుబాటు కట్టుబాటే గదా." గ్రైండరు ఇంటిదైపోయింది. పేరున్న రెండు గిన్నెలు, ఒక క్యారియరు గురువక్క ముందు పెట్టారు. ఆమె వాటిని చూడలేదు. ముంగిలి మూల బట్టలుతికే రాయిలా పడి ఉన్న పాత రుబ్బురోలు దగ్గరికి పోయి, దాని చుట్టూ చేయి తిప్పింది. "పెద్దయ్యా, దీని మీద ఎవరి పేరూ లేదు. గ్రైండరు వచ్చినాక దీన్ని ఎవరూ తలవనూ లేదు. ఇది నాకియ్యండి," అంది. మరిది, "పేరు లేనిది ఇంటిది," అన్నాడు. పెద్దాయన తలపాగా తీసి దులిపి మళ్ళీ చుట్టుకుంటూ, "ఉతికే రాయికి కూడా నీకు పంపకం కావల్నా? నోరు మూసుకోని కూచోరా," అన్నాడు. తోపుడుబండి మీద ఆ రోలును ఎక్కించేటప్పుడు ఒక పక్క నేనూ పట్టుకున్నాను. గురువక్క నా చెవిలో, "పో పాపా, పుస్తకం దాని చోట పెట్టేయి," అంది. అంతే. తరవాత ఆమెతో నేను ఒక్క మాటైనా మాట్లాడలేదు.

రిజిస్టరు శనివారం పొద్దున్నే బీరువాలో పెట్టాను. ఎవరికీ తెలియలేదు. ఆ సెంటరులో ఇంకా పదకొండేళ్ళు పనిచేశాను. మంచి పేరు తెచ్చుకున్నాను. "తుడవమంటారా?" అని అడగకుండా ఎవరి గిన్నె మీదా గుడ్డ కూడా వెయ్యలేదు. గురువక్క అగ్గిపెట్టెల యూనిట్ల సందులో ఒక గది తీసుకుని రోట్లో చేత్తో రుబ్బి అమ్మింది. చేతిపిండి ఇడ్లీ దూదిలా ఉంటుందని యూనిట్ల ఆడవాళ్ళు వరుసలో నిలబడేవారని వినేదాన్ని. కుడిభుజం అరిగి చేయి పైకి లేవక, జడ కూతురి చేత వేయించుకునేదనీ విన్నాను. మా అమ్మ ఆమె దగ్గర పిండి తెమ్మంటే, "పుల్లగా ఉంటుందమ్మా," అని అబద్ధం చెప్పాను. గుడికి పోవాలంటే ఆ సందు దగ్గరదారి. నేను చుట్టుదారిన పోయేదాన్ని. దేవుడి దగ్గరికి పోవడానికి మనిషిని తప్పించుకుని పోయాను.

ఇప్పుడు ఇంట్లో గ్రైండరు చెడితే ఫోనులో ఒక యంత్రం మాట్లాడుతుంది, ఒకటి నొక్కమంటుంది, రెండు నొక్కమంటుంది. వచ్చినవాడు వస్తువు వీపున ఉన్న గీతల చీటీకి ఫోను చూపిస్తాడు. మన మొహం చూడడు. పిండి సంచుల్లో వస్తుంది. పేర్లు కొట్టే ముసలాయన అంగడి ముందు ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఆ రోజులే మంచివని నేను అనలేను. ఒక చుక్కల వరుస మీద ఆడమనిషి బతుకును వేలాడదీసిన రోజులవి. కానీ బెల్లంముక్క నోట్లో వేసుకున్న ఆయన, బర్రె కోసం వచ్చిన పెద్దాయన, వాళ్ళు నాకు ఎదురుగా నిలబడ్డారు. ఎదురుగా నిలబడితేనే కదా, ఒకరికోసం ఒకరు అబద్ధం కూడా ఆడగలిగేది.

ఇంతవరకు రాసి ఆపి, నాలుగోరోజు వెళ్ళాను. దగ్గరదారినే వెళ్ళాను. వాకిట్లో రోలు ఉంది. గుంట నున్నగా అరిగిపోయి, మొదటున్న లోతుకు రెండింతలైంది. దానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. కూతురు బయటికి వచ్చింది. "అలమేలక్కా మీరు?" అంది. లోపలికి రమ్మన్నా నేను గడప దాటలేదు. "ముందు ఒకమాట చెప్పాలమ్మా. ఆరోజు మీ అమ్మ పేరు తుడిపించింది మీ అమ్మ కాదు. నేను. చెప్పకుండా నిలబడిపోయాను," అన్నాను. ఇన్నేళ్ళ మాట, ఒక్క ఊపిరిలో అయిపోయింది.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. "తెలుసక్కా. అమ్మ చెప్పినాది. పండక్కి మెరవాలని ఆశపడి చేసినాది పాపం, బయపడిపోయినాది, ఎప్పుడో ఒకరోజు వస్తాది, వస్తే కూచోబెట్టు, కాలు నొస్తాది దానికి అనేది." ఒక ముక్కాలిపీట నా ముందు వేసింది. లోపలికి పోయి ఒక స్టీలు చెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది. కొత్తది కాదు. వాడినదీ కాదు. అడుగున చాలా ఏళ్ళ దుమ్మువాసన. "పిండి అమ్మి అమ్మ మొదట కొన్నది ఇదే. కొన్నరోజే పేరు కొట్టించినాది. మేము వాడతామంటే ఒప్పుకోలేదు. పేరుగలవాళ్ళది అనేది."

పీట మీద కూర్చుని అంచును తడిమాను. లోతుగా కొట్టించిన చుక్కలు, ఎంత తోమినా పోనివి. కళ్ళు మసకబారాయి, వేలే చదివింది. "అలమేలుకు అక్క సీరు."

ఆ చెంబు ఇప్పుడు దేవుడి ముందు ఉంది. రోజూ అందులోనే తీర్థం పెడుతున్నాను. ఇది చదివిన మీకు నాదొక వినతి. మీ ఇంట్లో కూడా అమ్మదో అవ్వదో పేరున్న గిన్నె ఒకటి మిగిలే ఉంటుంది. దాన్ని తోమేటప్పుడు వేలికి ఆ చుక్కలు తగిలితే, ఒక పిరికిపిల్లను కాపాడడానికి తన పేరు తానే తుడిపించుకున్నానని చెప్పిన పిండి గురువక్కను ఒక్కసారి తలుచుకోండి.